పెరటిచెట్టు పండు ఎవరిది?

పెరటిచెట్టు మందునకు రాదని లోకోక్తి. ఇంటి వెనుక నున్న చెట్టు ఎంత గుణము గలదైనను ఇంటివారి కంటికి సామాన్యముగనే తోచును. దివ్యక్షేత్రమునకు వెళ్లి అచ్చటి క్షేత్రవృక్షమునకు ప్రదక్షిణము చేసి వచ్చిన యాత్రికుడే, ఇల్లు చేరిన పిమ్మట తన పెరటి జామచెట్టును బట్టలారవేయు దండెము కట్టుటకు తప్ప వేరొక పనికి తలపకుండుట కలదు. క్షేత్రమున కనబడిన పవిత్రత గృహమున కనబడకపోవుట చెట్టు దోషము కాదు, చూచువాని దోషము.

వెనుకటి కాలమున ఇల్లనగా పెరడు, పెరడనగా బావి, తులసికోట, నాలుగు అరటిచెట్లు, ఒక నిమ్మచెట్టు. నేడు నేల వెల పెరిగినది, ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొన్నవి. ఇల్లు కట్టగా మిగిలిన కొద్దిపాటి నేలను సైతము సిమెంటుతో కప్పివేయుట వాడుకయైనది. ఇట్టి కాలమున పది పదునైదు అడుగుల నేలను విడిచి, అందొక పండ్లచెట్టును పెంచు గృహస్థుడు ప్రశంసింపదగినవాడే. అయితే చెట్టును పెంచుట ఒక యెత్తు, దాని పండు పండినపుడు నిలువగలుగుట మరియొక యెత్తు. పండు ఎవరిదన్న ప్రశ్న అప్పుడు పుట్టును. ఆ ప్రశ్నకు గృహస్థుడిచ్చు సమాధానములోనే అతని భక్తి ఎంతటిదో తెలిసిపోవును.

ఫలమను శబ్దమునకు పండనియు, చేసిన పనికి కలుగు ప్రయోజనమనియు రెండర్థములు కలవు. భగవద్గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు అర్జునునకు కర్మ చేయుటయందే అధికారము కలదనియు, దాని ఫలములయందు లేదనియు బోధించెను. తొమ్మిదవ అధ్యాయము 26వ శ్లోకమున ఆకునైనను, పువ్వునైనను, పండునైనను, నీటినైనను భక్తితో సమర్పించినచో తాను ప్రీతితో స్వీకరింతునని పలికెను. మొదటిచోట ఫలముపై ఆశ వలదన్న స్వామియే రెండవచోట ఫలమును తనకిమ్మని చేయి చాచినాడు. ఈ రెండు వాక్యములను కలిపి అర్థము చేసికొనుటకు పెరటిచెట్టు కంటె మంచి పాఠశాల గృహస్థునకు దొరకదు.

వ్రజభూమి వృక్షములు

శ్రీమద్భాగవతము దశమస్కంధము ఇరువదిరెండవ అధ్యాయము చివర ఒక రమ్యమైన ఘట్టము కలదు. గ్రీష్మకాలము. శ్రీకృష్ణుడు బలరామునితోడను గోపబాలురతోడను ఆవులను మేపుచు బృందావనమును విడిచి దూరముగా పోయెను. ఎండ తీవ్రముగ నుండెను. చెట్లు గొడుగులవలె నిలిచి వారికి నీడనిచ్చుచుండెను. అప్పుడు స్వామి స్తోకకృష్ణుని, శ్రీదాముని, సుబలుని పేరుపేరున పిలిచి ఆ చెట్లను చూపించెను. అవి పరులకొరకే బ్రతుకుచున్నవనియు, గాలిని వానను ఎండను మంచును తాము సహించి ఇతరులను కాపాడుచున్నవనియు, వాని చెంతకు వచ్చిన యాచకుడెవడును వట్టి చేతులతో మరలిపోడనియు కొనియాడెను. ఆకులు, పూలు, పండ్లు, నీడ, వేళ్లు, బెరడు, కట్టె, పరిమళము, జిగురు, చివరకు బూడిద, బొగ్గు, చిగుళ్లు అన్నియు అవి ఇచ్చునవే గదా యని లెక్కించి చెప్పెను.

ఈ స్తుతి జరిగిన వెంటనే గోపబాలురకు ఆకలి కలిగినది. తరువాతి అధ్యాయమున స్వామి వారిని సమీపమున యజ్ఞము చేయుచున్న విప్రుల కడకు అన్నమడుగుటకు పంపెను. వేదమెరిగిన ఆ విప్రులు విని కూడ విననట్లుండిరి. ఔనన లేదు, కాదన లేదు. యజ్ఞమునకు ఉద్దేశించిన అన్నమును గొల్లపిల్లల కెట్లు పెట్టుదుమని వారి భావము కాబోలు. పిదప బాలురు ఆ విప్రుల భార్యలను అడుగగా, ఆ సాధ్వులు నాలుగు విధములైన అన్నమును పాత్రలలో నింపుకొని, ఇంటివారు వారించుచున్నను వినక, నది పొంగి సముద్రమునకు పోవునట్లు స్వామి కడకు పోయిరి.

చెట్ల స్తుతి ముందును, విప్రుల నిరాకరణము వెనుకను వచ్చుట కేవలము యాదృచ్ఛికమని తలపరాదు. మంత్రము తెలియని చెట్టు అడిగినవానికి ఇచ్చినది. మంత్రము తెలిసిన మనుష్యుడు, దేవునికొరకు దాచితినని చెప్పి, ఆ దేవుడే పంపినవారికి లేదనెను. దేవుని పేరు చెప్పి దేవుని వారినే త్రోసివేయు ప్రమాదము భక్తిమార్గమున ఉన్నదని వ్యాసభగవానుడు ఈ రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన నుంచి సూచించినట్లు తోచును. విప్రులు తరువాత పశ్చాత్తప్తులైరి. పెరటిలో చెట్టున్న ప్రతి గృహస్థునకును ఈ కథతో పని కలదు.

తోట పెంచిన మహనీయులు

శ్రీవైష్ణవ సంప్రదాయమున తోటకు గల గౌరవము విజ్ఞులెరిగినదే. పెరియాళ్వారు శ్రీవిల్లిపుత్తూరున నందనవనము పెంచి స్వామికి మాలలు సమర్పించెను. ఆండాళ్ తల్లి ఆ తోటలో తులసి పాదు వద్దనే లభించినది. తొండరడిప్పొడి ఆళ్వారు శ్రీరంగమున తోటమాలియై రంగనాథుని సేవించెను. నమ్మాళ్వారు కురుగూరున, అనగా ఆళ్వారుతిరునగరిలో, ఒక చింతచెట్టు తొఱ్ఱయందు పదునారేండ్లు మౌనముగా కూర్చుండెనని గురుపరంపర చెప్పుచున్నది. ఆ చింతచెట్టును ఆదిశేషుని అవతారముగా భావించి నేటికిని సేవించుచున్నారు. కులశేఖరాళ్వారు తిరువేంగడమున చెట్టుగానైనను పుట్టిన చాలునని కోరుకొనెను.

తిరుమలయందు అనంతాళ్వారుల కథ మరింత ప్రసిద్ధము. శ్రీరంగమున భగవద్రామానుజులు కాలక్షేపము చేయుచు, తిరుమలకేగి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవా రెవ్వరని ప్రశ్నించిరి. కొండపైని చలిని, అడవిని తలచి శిష్యులందరును మిన్నకుండగా అనంతాళ్వారు ఒక్కరే లేచి నిలిచిరి. వారు తిరుమల చేరి తోట వేసి, దానికి నీటికొరకై చెరువు త్రవ్వనారంభించిరి. తాము త్రవ్వుచుండగా గర్భవతియైన భార్య మట్టిని మోసి పోయుచుండెను. అప్పుడొక బాలుడు వచ్చి తట్టను అందుకొని సహాయము చేయబోయెను. ఈ కైంకర్యమున మరియొకరికి భాగము లేదని అనంతాళ్వారు వారించిరి. వారికి కనబడకుండ ఆ బాలుడు ఆ తల్లికి సాయపడుచునే యుండెను. అది తెలిసి కోపించి వారు గునపము విసరగా అది బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు పరుగెత్తి ఆలయమున అదృశ్యుడయ్యెను. లోపల మూలవిరాట్టు గడ్డమునుండి రక్తము కారుచుండెను. అనంతాళ్వారులు తల్లడిల్లి పచ్చకర్పూరము అద్దిరి. స్వామి గడ్డమున కర్పూరము నుంచుట, ఆలయ మహాద్వారము వద్ద గునపము వ్రేలాడుట ఆ కథకు గుర్తులుగా యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు.

అనంతాళ్వారుల భక్తి సామాన్యులకు అందునది కాదు. వారి కోపము సైతము గురువాజ్ఞను తామే నెరవేర్పవలెనన్న పట్టుదలనుండి పుట్టినదే. అయినను ఈ కథను స్వామి లోకమున నిలిపినది ఊరకయే కాదు. ఇది నా కైంకర్యము, ఇది నా తోట, దీనిలో నీకు పని లేదని ఒక బాలుని తరిమిన చోట, తరుమబడినవాడు స్వామియే. తోట ఎవరికొరకో ఆయనయే తోటలోనికి వచ్చి తట్ట పట్టుకొన్నాడు.

భగవద్రామానుజులు వేదార్థసంగ్రహమున శేషశేషి సంబంధమును వివరించిరి. తనకొరకు కాక పరునియొక్క అతిశయముకొరకే ఉండుట దేని స్వరూపమో అది శేషము; ఎవనికొరకు ఉండునో అతడు శేషి. సర్వజీవులును భగవంతునకు శేషభూతులు. చెట్టును చూచినచో ఈ సిద్ధాంతము కంటికి కట్టును. తన పండును తాను తిన్న చెట్టు లోకమున లేదు.

చిన్న పెరడు, పెద్దల శాస్త్రము

ఇట్టి సిద్ధాంతమును నేలపై నాటవలెనన్న నేల గుణము, చెట్టు గుణము తెలియవలెను. వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితయందు వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరలు ఉత్తమము, 16 మధ్యమము, 12 అధమమని ఆయన నిర్ణయము. మూరను 18 అంగుళములుగా గ్రహించినచో ఇవి 30, 24, 18 అడుగులగును. దగ్గరగా పుట్టి ఒకదాని నొకటి తాకుచు, వేళ్లు కలిసిపోయిన చెట్లు పీడింపబడి చక్కగా ఫలింపవని కూడ ఆయన చెప్పెను. నేటి ఉద్యానశాస్త్రజ్ఞులు పెద్ద మామిడిచెట్లకు సుమారు 10 మీటర్ల ఎడము చెప్పుట చూడగా పూర్వుల పరిశీలన ఎంత నిశితమైనదో తెలియును.

కావున చిన్న పెరటిలో మామిడి, పనస, సపోట మూడును కావలెనని ఆశించుట మూడింటికిని కీడు. స్థలము కొద్దియైనచో ఒక్క చెట్టే చాలును. నిమ్మ, దానిమ్మ, జామ, సీతాఫలము కత్తిరింపునకు లొంగి చిన్న చోటున ఇమిడియుండును. మొక్కై వంగనిది మానై వంగునా యన్న సామెత ఇచ్చట అక్షరాల వర్తించును. జామను మొదటి రెండు మూడేండ్లలో మూడు నాలుగు బలమైన కొమ్మలు నలుదిక్కులకు సాగునట్లు తీర్చి, పిదప ఏటేట కొనలను కత్తిరించుచుండవలెను. జామ క్రొత్త చిగుళ్లపైననే పూయును గనుక కత్తిరింపు దానికి మేలే చేయును. చేయి చాచిన అందునంత ఎత్తున చెట్టును నిలిపినచో ఇంటిలోని వృద్ధులును పిల్లలును పండు కోయగలరు.

నాటుటకు తొలకరి వానలు కురిసి నేల తడిసిన కాలము అనుకూలము. రోజునకు ఆరు గంటలైనను ఎండ తగులు చోటును ఎన్నుకొనవలెను. ఇంటి గోడకును, నీటి తొట్టికిని కొంత దూరము పాటింపవలెను. చిన్న జాతి చెట్లకు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గొయ్యి చాలును. పై మన్నును వేరుగా తీసి, బాగుగ చివికిన పశువుల ఎరువును, కొంత వేపపిండిని దానితో కలిపి నింపవలెను. అంటు మొక్కయైనచో అంటు కట్టిన చోటు మన్నులో పూడిపోకూడదు. దాని క్రిందనుండి వచ్చు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. లేనిచో కోరి తెచ్చిన జాతి నశించి, క్రింది నాటు మొక్కయే పెరిగి పెద్దదగును. మంచి సంస్కారమును అంటుగట్టిన మనస్సునందు సైతము పాతవాసనలు ఇట్లే క్రిందనుండి చిగిర్చుచుండును.

నీటి విషయమున వరాహమిహిరుడు చెప్పిన క్రమము నేటికిని అనుసరింపదగినది. నాటిన మొక్కలకు వేసవిలో సాయంప్రాతస్సులయందును, చలికాలమున దినము విడిచి దినమును, వానకాలమున నేల ఎండినపుడును నీరు పోయవలెనని ఆయన విధించెను. పాదు చుట్టును చేసి నీరు మొదలును తాకి నిలువకుండ చూడవలెను. నిమ్మకు అతిగా నిలిచిన నీరు శత్రువు. ఎదిగిన మామిడికి పూతకు ముందు రెండు నెలలు నీరు తగ్గించినచో పూత బాగుగ వచ్చును. మామిడి టెంక నాటిన చెట్టు కాచుటకు ఆరేడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. అంటు మొక్క మూడు నాలుగేండ్లకే కాచును. అంటుమామిడి తొలి రెండేండ్ల పూతను త్రుంచివేయుట మేలు. లేత వయసున భారము మోపక మొదలు బలపడనిచ్చుట ధర్మము.

జామ, బొప్పాయి, సీతాఫలము, సపోట ఈ దేశమున పుట్టినవి కావు. అవి అమెరికా ఖండమునందలి జాతులు. సముద్రములు దాటి వచ్చి ఈ నేలలో వేరూనినవి. వానిలో ఒకదానికి తెలుగువారు సీతమ్మ పేరునే పెట్టుకొనిరి. కొన్ని ఇండ్లలో శ్రాద్ధాదులయందు ఇట్టి ఫలములను వాడరు. ఆ విషయమున తమ ఇంటి పెద్దలు నడచిన త్రోవ ప్రమాణము. నిత్యారాధనమున మాత్రము వీనిని నివేదించు గృహములు పెక్కు. అతిథిగా వచ్చిన చెట్టు ఇంటి బిడ్డయైనది. పరాయివారని మనుష్యులను వేరుచేయువారు తమ పెరటివైపు ఒకమారు చూచుట మంచిది.

పండు పండిన నాటి పరీక్ష

ఇంతవరకు కష్టమే గాని పరీక్ష లేదు. కాయ పండునకు తిరిగిననాడు పరీక్ష మొదలగును. ఉదాహరణమునకు ఒక గృహస్థుని భావింపవచ్చును. అతడు జామ అంటును తెచ్చి మూడేండ్లు కన్నబిడ్డవలె పెంచెను. తొలికాపును శ్రీనివాసునకు నివేదింపవలెనని సంకల్పించెను. నాలుగవ యేట ఇరువది కాయలు నిలిచినవి. రంగు తిరిగిన మొదటి కాయను ఉడుత కొరికినది. రెండవదానిని చిలుక పొడిచినది. గోడ మీదికి వంగిన కొమ్మ కాయను ప్రక్కింటి పిల్లవాడు కోసికొనెను. గృహస్థునకు కోపము వచ్చినది. అతడు గోడపై గాజుపెంకులు పెట్టించెను. చెట్టుపై సన్నని నైలాను వల కప్పెను. ప్రక్కింటివారితో మాట మాట పెరిగి రాకపోకలు నిలిచెను. ఒక ఉదయమున వలలో రెక్క చిక్కుకొని ఒక చిన్న పిట్ట కొట్టుకొనుచుండెను.

అది చూచి అతని వృద్ధమాత అడిగెను: "నాయనా, ఈ పండ్లు ఎవరివి?"

"స్వామివే అమ్మా. మొక్కుకొన్నాను గదా! అందుకే ఇంత కాపలా."

"పండ్లు స్వామివైనచో ఈ పిట్ట ఎవరిది? గోడ దూకిన పిల్లవాడెవరి వాడు?"

అతడు మాటలాడలేకపోయెను. ఆమె కత్తెర తెప్పించి వలను కత్తిరించి పిట్టను విడిపించెను. పాత పంచెను చింపి చిన్న సంచులు కుట్టి, మంచి కాయలు అయిదింటికి కట్టించెను. "ఇవి స్వామికి. తక్కినవి స్వామి పంపినవారికి" అని చెప్పి, రెండు పండ్లు పళ్లెములో నుంచి తానే ప్రక్కింటికి తీసికొనిపోయెను.

ఇట్టి గృహస్థుడు దుష్టుడు కాడు. చెట్టును ప్రేమించినవాడే, స్వామికి మొక్కుకొన్నవాడే. అందువలననే అతని పొరపాటు అతనికి కనబడదు. స్వార్థము నేరుగా వచ్చినచో భక్తుడు దానిని గుర్తించి తరుమగలడు. అది దేవుని సేవ యను వేషము ధరించి వచ్చినపుడు గుర్తించుట దుర్లభము. యజ్ఞశాలలోని విప్రులకు జరిగినదే పెరటిలోను జరుగుచున్నది.

ఉడుత మాట వచ్చినది గనుక తొండరడిప్పొడి ఆళ్వారును మరియొకమారు స్మరింపవలెను. సేతుబంధన సమయమున నీట మునిగి ఇసుకలో పొరలి తన శక్తికొలది సాయపడిన ఉడుతను ఆయన తిరుమాల ప్రబంధమున తలచి, ఆ ఉడుతపాటి కపటము లేని మనస్సు తనకు లేదే యని వగచెను. ఆజన్మము తోటలో గడపిన మహాభక్తుడు ఉడుతను తనకంటె పైన నిలిపినాడు. ఆ ఆళ్వారు తిరునక్షత్రమును జరుపుకొను ఇంటిలో ఉడుతను కొట్టుటకు రాళ్లు పోగుచేయుట ఎంత విపరీతము!

చిలుక విషయమున భాగవతమే సాక్షి. ఆ గ్రంథము ఆరంభముననే తనను వేదమను కల్పవృక్షమునుండి రాలిన పండిన ఫలముగా వర్ణించుకొన్నది. శుకముఖమునుండి వెలువడుటచే అమృతద్రవముతో కూడినదని చెప్పుకొన్నది. శుకుడనగా వ్యాసపుత్రుడైన శుకమహర్షి, శుకమనగా చిలుక. చిలుక కొట్టిన పండు తీయగా నుండునని పల్లెలోని పిల్లలకును తెలియును. చిలుక మూతి తగిలిన పండును నివేదనకు తీసికొనకపోవుట ఆచారమే. కాని ఆ పండు వ్యర్థమైనదని ఏడ్చుట అజ్ఞానము. అది చిలుకకు చేరవలసిన భాగమే చిలుకకు చేరినది.

గృహస్థునకు నిత్యము విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. పశుపక్ష్యాదులకు ఆహారము పెట్టుట దాని స్వరూపము. గీత మూడవ అధ్యాయమున యజ్ఞశిష్టమును భుజించువారు పాపవిముక్తులగుదురనియు, తమకొరకే వండుకొనువారు పాపమునే భుజింతురనియు భగవానుడు హెచ్చరించెను. ఈ దృష్టితో చూచినచో పెరటిచెట్టు కాపును నాలుగు భాగములుగా భావించుట యుక్తము. మొదటిది స్వామికి. రెండవది పక్షులకు, ఉడుతలకు. మూడవది ఇరుగుపొరుగువారికి, గోడ దూకు పిల్లలకు, వాకిట నిలిచినవారికి. నాల్గవది ప్రసాదముగా ఇంటివారికి. తూకము వేసి సమానముగ పంచవలెనని కాదు. ఏ భాగమును సున్న కాకూడదు.

స్వామి భాగమునకు చెట్టు నిండ వల అక్కరలేదు. ఎంచుకొన్న కొద్ది కాయలకు పిందె దశ దాటగనే పలుచని గుడ్డసంచి కట్టినచో పక్షుల బాధయు, పండుఈగ బాధయు తప్పును. పురుగుపట్టి రాలిన కాయలను చెట్టు క్రింద విడువక ఏరి లోతుగా పూడ్చినచో ఈగ వృద్ధి తగ్గును. జామలో వానకాలపు కాపునకు పురుగు ఎక్కువ. చలికాలపు కాపు శ్రేష్ఠము. నిమ్మ లేతాకులను తిను గొంగళిపురుగులు మొక్క చిన్నదైనపుడు హానిచేయును. వానిని చేతితో తీసి దూరముగ విడువవచ్చును. చెట్టు ఎదిగిన పిదప నాలుగు ఆకులు పోయినను నష్టము లేదు. ఆ పురుగే కొన్ని దినములకు సీతాకోకచిలుకయై ఆ చెట్టు చుట్టునే తిరుగును.

ఇంటి పండునకు మరియొక శుద్ధి కలదు. అంగడి పండ్లను కాల్షియం కార్బైడుతో మాగవేయుటను 2011వ సంవత్సరపు ఆహారభద్రతా నియమములు నిషేధించినవి. అయినను అంగడిలో కొన్న పండు ఎట్లు మాగినదో కొన్నవాడు ఎరుగడు. పెరటి మామిడికాయను గడ్డిలో మాగవేసినవారికి ఆ సందేహము లేదు. స్నానము చేసి కోసి, కడిగి, వాసన చూడక, రుచి చూడక, తులసిదళముతో నివేదించిన ఒక్క నిమ్మపండైనను స్వామికి చాలును.

పండ్లమ్మి బుట్ట

ఇచ్చినచో తరుగునను భయమునకు భాగవతమున చక్కని సమాధానమున్నది. నందుని వాకిట ఒక పండ్లమ్మి పండ్లు కొనుడని కేక వేసెను. అన్ని కర్మలకు ఫలములనిచ్చు అచ్యుతుడు పండ్లకొరకై దోసిట ధాన్యము పట్టుకొని పరుగెత్తెను. చిన్ని చేతులు, గింజలు దారిలోనే జారిపోయెను. ఆమె మిగిలిన గింజలను లెక్కింపలేదు. ఆ రెండు చేతులను పండ్లతో నింపెను. ఆమె బుట్ట రత్నములతో నిండెనని వ్యాసులు చెప్పిరి. ఆమె రత్నములను కోరి ఇచ్చినది కాదు. వచ్చిన బాలుడు ఎవరో తెలిసి ఇచ్చినదియు కాదు. పిల్లవాడు చేతులు చాచినాడు, పండ్లు ఉన్నవి, ఇచ్చినది. గోడ మీదనుండి చేయి చాచిన ప్రక్కింటి పిల్లవానిని ఆమె ఏమని పలుకరించియుండెడిదో ఊహించుట కష్టము కాదు.

నాటినవాడు, తినువాడు

చివర ఒక ప్రశ్న మిగులును. వయసు చెల్లినవారు చెట్టు నాటుట దేనికి? అరువదేండ్లు దాటిన తండ్రి పెరటి మూల మామిడిమొక్కను నాటుచుండగా, ఈ కాయలు ఎవరు తినవలెనని కుమారులు నవ్వుట కలదు. బండి నిలుపుకొనుటకు ఆ చోటు పనికివచ్చునని, మొక్కను పీకి సిమెంటు పోయించిన ఇండ్లును కలవు.

మత్స్యపురాణమున పార్వతీదేవి ఒక అశోకపు మొక్కను కుమారునివలె పెంచిన సందర్భమున, పది బావులతో ఒక దిగుడుబావి సమానమనియు, పది దిగుడుబావులతో ఒక మడుగు, పది మడుగులతో ఒక పుత్రుడు, పదుగురు పుత్రులతో ఒక వృక్షము సమానమనియు చెప్పబడినది. పుత్రుని పెంచువాడు వృద్ధాప్యమున తనకు ఆధారమగునని కొంతయైనను ఆశించును. చెట్టును నాటు వృద్ధునకు ఆ ఆశయు లేదు. అందువలననే కాబోలు చెట్టు తూకము అంత హెచ్చినది. అతడు పాదు తీయుచున్నపుడు గీత రెండవ అధ్యాయమును చదువకయే ఆచరించుచున్నాడు. కర్మ అతనిది, ఫలము మనుమనిది, కాకిది, దారిన పోవువానిది, అందరి రూపమున స్వామిది.

అరటిని చూచినను ఇదియే బోధ. అరటిచెట్టు జన్మమున ఒక్కమారే గెల వేయును. గెల కోసిన పిదప దానికి బ్రతుకు లేదు. కాని అది పడిపోవునాటికే దాని మొదట పిలక లేచియుండును. ప్రక్కన పిలకను చూచుకొని గెలనిచ్చి తప్పుకొనుటలో దానికి దుఃఖమున్నట్లు తోచదు. అందుకే గదా పెండ్లి పందిట ద్వారమునకు అరటిచెట్టును నిలుపుదురు!

పెరడే లేని అంతస్తుల ఇండ్లలో నివసించువారు తమకీ భాగ్యము లేదని విచారింపనక్కరలేదు. అడుగున నీరు పోవుటకు రంధ్రములున్న రెండడుగుల తొట్టిలో, ఎండ తగులు వసారాయందు నిమ్మగాని దానిమ్మగాని పెరుగును. కాపు పది కాయలే కావచ్చును. నాలుగు భాగములు చేయుటకు పది కాయలు చాలును. కార్తికమున క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసి చెంత ఉసిరికొమ్మను నిలిపి పూజించు ఆచారము గల గృహములవారు, వీలున్నచో ఊరి దేవాలయ ప్రాంగణమున అధికారుల అనుమతితో ఒక ఉసిరిమొక్కను నాటి నీరు పోయవచ్చును. ఆ చెట్టు పండు ఎవరిదన్న ప్రశ్నయే అచ్చట పుట్టదు.

పెరటిచెట్టు మందునకు రాదన్నది లోకోక్తియే గాని శాస్త్రవాక్యము కాదు. నాది అను రోగమునకు పెరటిచెట్టే మందు. ఏటేట పండు పండినపుడు ఒక్కొక్క మోతాదుగా అది ఆ మందును ఇచ్చుచునే యుండును. పుచ్చుకొనుట గృహస్థుని వంతు. ఈ యేడు తొలకరిలో ప్రతి భక్తుని ఇంటను ఒక మొక్క నాటబడు గాక! దాని తొలి పండు స్వామి సన్నిధికి, మలి పండు స్వామి పంపిన చేతికి చేరు గాక! వ్రజమున చెట్లను స్తుతించిన ఆ గోపాలుడే ఏడుకొండలపై నిలిచి చేతులు చాచియున్నాడు. ఆయన అనుగ్రహము పెరటి పెరటిని పచ్చగా నిలుపు గాక!